పరిచర్యలో ఆసక్తి చల్లారకుండా ఎలా కాపాడుకోవాలి?

"బాప్తిస్మం తీసుకున్న కొత్తలో ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు సండే స్కూల్ క్లాసు గుర్తొస్తేనే నీరసం వస్తోంది. నా రక్షణలోనే ఏమైనా లోపం ఉందా?"

ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. క్వయర్‌లో పాడేవాళ్లు అడుగుతారు, యూత్ మీటింగులు నడిపేవాళ్లు అడుగుతారు, రోగులను పరామర్శించడానికి వెళ్లేవాళ్లు అడుగుతారు. కాపరులు కూడా అడుగుతారు, కాకపోతే పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పిన సంగతులనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను పదమూడేళ్లుగా పిల్లలకు వాక్యం చెబుతున్నాను. మధ్యలో దాదాపు ఏడాది పాటు పూర్తిగా మానేశాను. కాబట్టి కింద రాసిన తప్పుల్లో చాలావరకు నేను చేసినవే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. లేవీయకాండము 9వ అధ్యాయం చివర బలిపీఠం మీదికి అగ్ని యెహోవా సన్నిధి నుంచి వచ్చింది. దాన్ని యాజకుడైన అహరోను రాజేయలేదు. కానీ 6వ అధ్యాయంలో యాజకుడికి ఇచ్చిన ఆజ్ఞ చూడండి: ఆ అగ్ని ఆరిపోకూడదు, ప్రతి ఉదయం యాజకుడు దాని మీద కట్టెలు వెయ్యాలి, పేరుకున్న బూడిద తీసి పాళెం వెలుపలికి మోసుకుపోవాలి. నిప్పు దేవుడిది, కట్టెలు మోసే పని మనిషిది. "ఆసక్తి విషయములో మాంద్యులు కాక, ఆత్మయందు తీవ్రతగలవారై ప్రభువును సేవించుడి" అని రోమీయులకు 12:11లో పౌలు రాసింది కూడా ఈ రెండో పని గురించే అని నా నమ్మకం. మనం సేవ చేసి రక్షణ సంపాదించుకోం. అది కృపచేత ఇప్పటికే దొరికింది. ఆ కృప పొందినవాడు చేతులు ముడుచుకుని కూర్చోలేడు కాబట్టి సేవ చేస్తాం. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

- ఒక బైబిలు. చదవడం కష్టమైతే ఫోన్‌లో ఆడియో బైబిలు.
- ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను. ఫోన్‌లో కాకుండా కాగితం మీదే రాయమంటాను. ఫోన్ తెరిస్తే మనసు ఎటు పోతుందో మీకు తెలుసు.
- రోజుకు కనీసం 15 నిమిషాలు.
- మిమ్మల్ని మొహమాటం లేకుండా ప్రశ్నించగలిగిన ఒక విశ్వాసి. పురుషులైతే సహోదరుడు, స్త్రీలైతే సహోదరి ఉంటే మంచిది.
- మూడు నెలల ఓపిక. వారంలో తేడా కనబడాలనుకుంటే నిరాశపడతారు.

1. ఎందుకు చల్లారిందో ముందు తేల్చుకోండి

చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా "ఇంకా ఎక్కువ ప్రార్థన చేస్తాను, ఇంకా ఎక్కువ కష్టపడతాను" అని తీర్మానం చేసుకుంటారు. రెండు వారాలకే అది కూలిపోతుంది. జ్వరం ఎందుకు వచ్చిందో తెలియకుండా మందు వేసుకున్నట్టే ఇది. నోటు పుస్తకంలో ఈ నాలుగు మాటలూ రాసి, మీది ఏదో గుర్తు పెట్టండి.

అలసట. నిద్ర చాలదు, చిన్న మాటకే కోపం, ప్రతిదీ బరువుగా అనిపిస్తుంది. కానీ దేవుడి మీద ప్రేమ లోపల ఉంటుంది. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త ఈ స్థితిలోనే చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చెయ్యలేదు. పడుకోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాతే. మీది అలసట అయితే 7వ మెట్టు ముందు చదవండి.

దాచిన పాపం. పని చేస్తూనే ఉంటారు కానీ ప్రార్థనలో కూర్చోలేరు. ఒంటరిగా ఉండాలంటే భయం. కీర్తన 32లో దావీదు తాను మౌనంగా ఉన్నంతకాలం ఎముకలు క్షీణించాయని చెప్పుకున్నాడు. దీనికి విశ్రాంతి మందు కాదు, ఒప్పుకోలే మందు.

గాయం. సంఘంలో ఎవరో ఒక మాట అన్నారు, లేదా మీ పనికి ఇంకొకరికి పేరు వచ్చింది. ఆ మనిషి కనబడితే చాలు, పాట కూడా నోట రాదు. నేను మానేసిన ఏడాది వెనక ఉన్నది ఇదే. క్లాసుకు టైమ్ దొరకడం లేదని అందరికీ చెప్పాను. నిజానికి ఒక పెద్దాయన నలుగురిలో అన్న మాట గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ప్రేమ చల్లారడం. ఇది కనిపెట్టడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే పని ఆగదు. ప్రకటన 2లో ఎఫెసు సంఘాన్ని ప్రభువు ముందు మెచ్చుకున్నాడు: కష్టపడ్డారు, సహించారు, అలయలేదు. అంతా చెప్పి, మొదట ఉండిన ప్రేమను వదిలేశారని తప్పు మోపాడు. అంటే చేతులు ఆడుతూనే హృదయం దూరం కావచ్చు.

*హెచ్చరిక:* వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనీ చెయ్యలేనంత దిగులు, బతకాలని లేదన్న ఆలోచన ఉంటే ఈ మెట్లన్నీ పక్కన పెట్టి డాక్టరును కలవండి, ఇంట్లో వాళ్లకు చెప్పండి. అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. "ఇంకా గట్టిగా ప్రార్థించు" అని మాత్రమే చెప్పి పంపేసేవాళ్ల మాట ఈ ఒక్క విషయంలో వినకండి.

2. బూడిద తియ్యండి

బూడిద పేరుకున్న చోట కొత్త కట్టె అంటుకోదు. పాపమైతే దేవుని దగ్గర పేరు పెట్టి ఒప్పుకోండి. "నా పాపాలన్నీ క్షమించు" అని గంపగుత్తగా కాకుండా, ఏది చేశారో అది చెప్పండి. 1 యోహాను 1:9 వాగ్దానం మీద నిలబడండి, అదే పాపానికి రోజూ మళ్లీ మళ్లీ ఏడవకండి.

మనిషితో తేడా ఉంటే మత్తయి 5:23-24 చాలా సూటిగా ఉంది. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమంది. ఫోన్‌లో పొడుగాటి మెసేజ్ పెట్టకండి. ముఖాముఖి కలవండి, కుదరకపోతే ఫోన్ చేసి మాట్లాడండి. రాతలో గొంతు వినబడదు, మెత్తగా రాసిన మాట కూడా ఎదుటివాళ్లకు గుచ్చుకోవచ్చు.

అవతలివాళ్లు ఒప్పుకోకపోతే? రోమీయులకు 12:18లో "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అనే మాట ఉంది. మీ చేతిలో ఉన్నది మీరు చెయ్యండి, మిగతాది దేవునికి వదలండి. నా విషయంలో ఆ పెద్దాయనకు తాను అన్న మాట గుర్తు కూడా లేదు! ఏడాది పాటు నేను ఒక్కదాన్నే మోశాను.

ఒక మినహాయింపు ఉంది. మీకు జరిగింది మాట పట్టింపు కాక దౌర్జన్యం, డబ్బు మోసం, లైంగిక వేధింపు లాంటిదైతే ఒంటరిగా వెళ్లి "సమాధానపడకండి". నమ్మకమైన పెద్దలకు చెప్పండి, చట్టం సహాయం అవసరమైతే తీసుకోండి. క్షమించడం వేరు, నేరాన్ని కప్పిపెట్టడం వేరు.

3. ప్రతి ఉదయం ఒక కట్టె

సేవకు ముందు సన్నిధి, అంటే దేవునితో ఏకాంతంగా గడిపే సమయం. మార్కు 1:35లో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు. అంతకు ముందు రోజు సాయంత్రం ఊరంతా వాకిట్లో కూడుకున్నంత పని జరిగింది. పని ఎక్కువైన మర్నాడే ఆయన ముందుగా లేచాడని గమనించండి.

15 నిమిషాలు ఇలా వాడండి: ఒక చిన్న వాక్యభాగం రెండుసార్లు చదవండి. అందులో దేవుని గురించి ఏమి తెలిసిందో ఒక్క వాక్యం రాయండి. ఆ మాటతోనే ప్రార్థన మొదలుపెట్టండి. చివర మీరు సేవ చేసేవాళ్లలో ఇద్దరి పేర్లు చెప్పి ప్రార్థించండి.

ఉదయం కుదరనివాళ్లు ఉంటారు. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు నిద్ర లేచాక చెయ్యండి. చంటిబిడ్డ ఉన్న తల్లి పాలిచ్చేటప్పుడు ఆడియో బైబిలు వినవచ్చు, దేవుడు దాన్ని తక్కువగా చూడడు. ఏ సమయమైనా ఫర్వాలేదు, రోజూ అదే సమయం అయితే అలవాటు త్వరగా నిలుస్తుంది.

*హెచ్చరిక:* పాఠం తయారు చేసుకోవడం, ప్రసంగం రాసుకోవడం, పాట ప్రాక్టీసు చెయ్యడం, ఇవేవీ ఈ 15 నిమిషాల లెక్కలోకి రావు. సేవలో ఉన్నవాళ్లు ఎక్కువగా పడేది ఈ గోతిలోనే. వంట చేసి అందరికీ వడ్డించే మనిషి తాను తినడం మర్చిపోతే ఎన్నాళ్లు నిలబడుతుంది?

4. ఒక్క పని ఎంచుకోండి, కాగితం మీద రాయండి

"దేవుని కోసం ఏదైనా చెయ్యాలి" అనే కోరిక మంచిదే, కానీ దాన్ని పట్టుకుని ఎవరూ లేచి నిలబడలేరు. ఎవరికి, ఏమి, ఏ రోజు, ఎంతసేపు అన్నది తేలాలి. "పరామర్శ సేవ చేస్తాను" అని రాయకండి. "ప్రతి గురువారం సాయంత్రం, ఇంటి నుంచి కదల్లేని ఒక విశ్వాసి దగ్గరికి వెళ్లి, ఒక కీర్తన చదివి, ప్రార్థించి, అరగంటలో వచ్చేస్తాను" అని రాయండి.

ఏ పని ఎంచుకోవాలో తెలియనివాళ్లు నెహెమ్యా 3వ అధ్యాయం చదవండి. పేర్ల జాబితా అని మనం దాటేసే అధ్యాయం అది. యెరూషలేము గోడ కట్టింది తాపీ పనివాళ్లు మాత్రమే కాదు. బంగారు పనివాళ్లు కట్టారు, సుగంధద్రవ్యాలు చేసే ఇంటివాడు కట్టాడు, షల్లూము తన కూతుళ్లతో కలిసి కట్టాడు. చాలామంది తమ తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగం బాగుచేశారు. తెకోవ ఊరి పెద్దలు మెడ వంచలేదు, కానీ అదే తెకోవీయులు తమ భాగం ముగించి ఇంకో భాగం కూడా కట్టారు. 52 దినాల్లో గోడ లేచింది. కాబట్టి మొదటి ప్రశ్న "నాకు ఏ వరం ఉంది?" అన్నది కాదు, "నా ఇంటికి ఎదురుగా ఏ గోడ పడిపోయి ఉంది?" అన్నది. మీ ఇంట్లో పిల్లలతో కుటుంబ ప్రార్థన ఆగిపోయి ఉంటే, అదే మీ గోడ. మిగతా పనుల సంగతి తర్వాత చూడవచ్చు.

వరం సంగతి పని చేస్తుండగా తెలుస్తుంది. మూడు నెలలు చేశాక మీతో కలిసి పనిచేసేవాళ్లను అడగండి. నాలుగు గోడల మధ్య కూర్చుని పరీక్ష పెట్టుకుంటే తెలియదు.

కొందరికి ప్రత్యామ్నాయాలు:

- మంచం మీద ఉన్నవాళ్లు, వృద్ధులు: పేర్ల జాబితాతో విజ్ఞాపన ప్రార్థన. అన్న అనే ప్రవక్త్రి (లూకా 2:36-38) దేవాలయం విడిచి వెళ్లకుండా ఉపవాస ప్రార్థనలతోనే సేవ చేసింది. శిశువైన యేసును గుర్తుపట్టినవాళ్లలో ఆమె ఒకరు.
- చదువుకునే పిల్లలు: ఆరాధన ముందు కుర్చీలు, చాపలు వెయ్యడం, కొత్తగా వచ్చిన వాళ్ల పక్కన కూర్చోవడం.
- ముందుకు వచ్చి మాట్లాడలేనివాళ్లు: దొర్కా (అపొస్తలుల కార్యములు 9) ప్రసంగించినట్టు ఎక్కడా లేదు. ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించారు.
- ఉద్యోగం వల్ల అసలు టైమ్ లేనివాళ్లు: మీ ఉద్యోగమే మొదటి చోటు. కొలొస్సయులకు 3:23 రాసింది దాసులకు, వాళ్లు పనిచేసింది యజమానుల ఇళ్లలో. నిజాయితీగా, సణగకుండా పని చెయ్యడం కూడా ప్రభువు సేవే.

ఇప్పటికే అయిదారు పనుల్లో ఉన్నవాళ్లు దీన్ని తిరగేసి చెయ్యండి. అన్నీ రాసి, ఒకటో రెండో ఉంచుకుని, మిగిలినవి 7వ మెట్టులో చెప్పినట్టు అప్పగించండి.

5. ముందుగా సిద్ధపడండి

శనివారం రాత్రి పదకొండింటికి ఆదివారం పాఠం తెరిచేవాళ్లకు ఆదివారం అంటే టెన్షనే. వారం మొదట్లోనే ఒకసారి చదివి వదిలేయండి. మిగతా రోజులు ఆ మాట మీ మనసులో నానుతుంది, పని చేసుకుంటుండగానే ఉదాహరణలు తడతాయి. ఆరాధనకు పది నిమిషాలు ముందు వెళ్లండి. ఈ మెట్టుకు ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు, కానీ దీని వల్ల వచ్చే తేడా పెద్దది.

6. తోడు పెట్టుకోండి

యుద్ధం జరుగుతుండగా ఎత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు ఇటొకరు అటొకరు ఎత్తిపట్టుకున్నారు. కూర్చోవడానికి రాయి కూడా తెచ్చి వేశారు. యేసు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపాడు. ఒంటరిగా సేవ చేసేవాళ్లు త్వరగా చల్లారతారు, లేదా త్వరగా గర్విస్తారు.

మీ తోడుకు 4వ మెట్టులో రాసిన కాగితం చూపించండి. వారానికి ఒకసారి, పది నిమిషాలు, ఈ మూడు ప్రశ్నలు అడగమనండి: ఈ వారం సన్నిధిలో కూర్చున్నావా? చేస్తానన్న పని చేశావా? నీ మనసు ఎలా ఉంది? జవాబు సాకు అనిపిస్తే "అది సాకు" అని చెప్పే హక్కు వాళ్లకు ఇవ్వండి. కొలొస్సయులకు రాసిన పత్రిక చివర పౌలు అర్కిప్పుకు సంఘం ద్వారానే కబురు పెట్టాడు: ప్రభువునందు నీకు అప్పగించిన పరిచర్యను నెరవేర్చడానికి జాగ్రత్తపడు అని. అందరి ముందు చదివే పత్రికలో ఆ మాట విన్న అర్కిప్పుకు ఎలా ఉండి ఉంటుందో గాని, అడిగేవాళ్లు ఉండడం అతనికి మేలే.

తోడు దొరకకపోతే మీ కాపరిని లేదా పెద్దల్లో ఒకరిని అడగండి. భార్యాభర్తలు ఒకరికొకరు తోడుగా ఉండవచ్చు గాని, అప్పుడప్పుడు మూడో మనిషి కూడా ఉంటే నిజం దాగదు.

7. విశ్రాంతిని సేవలో భాగం చెయ్యండి

భోజనం చెయ్యడానికి కూడా తీరిక లేని శిష్యులతో యేసు, ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు (మార్కు 6:31). వారంలో ఒక పూట ఏ సేవా పెట్టుకోకండి. ఆదివారమంతా పనిలో ఉండేవాళ్లు ఇంకో రోజు తీసుకోండి. ఆ పూట ఇంటివాళ్లది.

పని అప్పగించడం కూడా నేర్చుకోవాలి. నిర్గమకాండము 18లో యిత్రో తన అల్లుడు మోషే పని చూసి, ఇలా చేస్తే నువ్వూ నలుగుతావు, ప్రజలూ నలుగుతారు అన్నాడు. పని వదిలేటప్పుడు చెప్పకుండా మాయమవకండి. నాయకుడికి ఒక నెల ముందు చెప్పండి, మీ చోటికి వచ్చే మనిషితో రెండు వారాలు కలిసి చెయ్యండి, వాళ్లు వేరే పద్ధతిలో చేస్తే ఊరుకోండి. ఏలీయా అలసటకు దేవుడిచ్చిన జవాబులో ఒక భాగం, అతని తర్వాత ప్రవక్త అయిన ఎలీషా అని గుర్తుంచుకోండి.

8. ఫలం కనబడనప్పుడు ఏం చెయ్యాలి

నాకు వచ్చే ప్రశ్నల్లో సగం చివరికి ఇక్కడికే వస్తాయి. "ఇన్నేళ్లు చెప్పాను, ఒక్కరు కూడా మారలేదు."

ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1793 నవంబరులో బెంగాల్‌లో దిగారు. ఆయన పరిచర్యలో మొదటి హిందూ విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం పొందింది 1800 డిసెంబరు 28న. ఏడేళ్లు! ఆ మధ్యలో ఆయన కొడుకు ఒకడు చిన్నతనంలోనే చనిపోయాడు, భార్య తీవ్రమైన మానసిక వ్యాధికి గురైంది. తర్వాత 1812 మార్చిలో శ్రీరాంపూర్ ముద్రణాలయం కాలిపోయి, ఏళ్ల తరబడి చేసిన అనువాదాల రాతప్రతులు బూడిదయ్యాయి. అచ్చుయంత్రాలు మాత్రం మిగిలాయి. కరిగిపోయిన లోహంతో మళ్లీ అక్షరాలు పోసుకుని, పోయిన అనువాదాలు మళ్లీ మొదలుపెట్టారు. కేరీ అంతటివాళ్లం కాము కదా అనకండి. ఆ ఏడేళ్లలో ఏ ఒక్క రోజు తీసుకున్నా ఆయన చేసింది మామూలు పనే: భాష నేర్చుకోవడం, రాయడం, మాట్లాడడం. మర్నాడు మళ్లీ అదే.

ఇలాంటి కాలంలో ఉన్నవాళ్లు ఈ మూడూ చెయ్యండి. నోటు పుస్తకంలో వెనక పేజీ నుంచి చిన్న చిన్న మేళ్లు తేదీతో రాయండి: ఒక పిల్లాడు కంఠత వాక్యం గుర్తుపెట్టుకున్నాడు, ఒకామె మళ్లీ ప్రార్థించమని అడిగింది. నీరసం వచ్చిన రోజు వెనక నుంచి చదవండి. రెండోది, మీ పని నాటడమా, నీళ్లు పొయ్యడమా అని అడగండి. 1 కొరింథీయులకు 3:6 ప్రకారం వృద్ధి కలగజేసేవాడు దేవుడే. నాటినవాడు కోతకు తొందరపడితే మొక్కను పీకి వేర్లు చూసుకున్నట్టే. మూడోది, ఫలం లేకపోవడానికి మీ పద్ధతే కారణమేమో అని కూడా అడగండి. పిల్లలకు అర్థం కాని మాటలతో నలభై నిమిషాలు చెప్పి, "విత్తనం పడింది, దేవుడే చూసుకుంటాడు" అనడం విశ్వాసం కాదు. కొన్నేళ్లు నేను అలాగే చెప్పాను. ఒకసారి ఒక చిన్న పాప "అక్కా, నీతిమంతుడు అంటే ఎవరు?" అని అడిగాక గాని తెలియలేదు, ఆ మాట ఏడాదిగా వాడుతున్నానని, ఎవరికీ అర్థం కాలేదని.

గలతీయులకు 6:9 "తగినకాలమందు పంట కోతుము" అంటుంది. తగిన కాలం ఏదో మనకు చెప్పలేదు. హెబ్రీయులకు 6:10 ఇంకో ధైర్యం ఇస్తుంది: మీరు చూపిన ప్రేమను మరచిపోవడానికి దేవుడు అన్యాయస్థుడు కాడు.

9. ఆగిపోయినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడం ఎలా

పౌలు, బర్నబాలతో సేవకు వెళ్లిన మార్కు అనబడిన యోహాను పంఫూలియలో పనిని మధ్యలో వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. అతని విషయంలోనే పౌలు, బర్నబా తీవ్రంగా వాదించుకుని విడిపోయారు. చాలా ఏళ్ల తర్వాత 2 తిమోతి 4:11లో అదే పౌలు, మార్కును వెంటబెట్టుకుని రా, పరిచారం నిమిత్తం అతడు నాకు ప్రయోజనకరమైనవాడు అని రాశాడు. దానికి ముందు వచనంలోనే, ఒకప్పుడు జతపనివాడైన దేమా లోకాన్ని స్నేహించి వదిలి వెళ్లిన సంగతి ఉంది. వెళ్లినవాడు, తిరిగి వచ్చినవాడు పక్కపక్కనే ఉన్నారు.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు పాత స్థానం అడగకండి. చిన్న పనితో రండి. నేను తిరిగి వెళ్లినప్పుడు ఆరు నెలలు వేరే టీచరు పక్కన కూర్చుని అటెండెన్స్ రాశాను, క్రేయాన్లు పంచాను. ఆ ఆరు నెలలే నాకు బాగా ఉపయోగపడ్డాయి. ఎందుకు మానేశారని అడిగితే రెండు మాటల్లో నిజం చెప్పండి, కథ అల్లకండి.

ఎక్కువమంది చేసే తప్పులు

ఉద్రేకాన్ని ఆసక్తి అనుకోవడం. కూటంలో కన్నీళ్లతో చేసిన తీర్మానం మంచిదే, కానీ సోమవారం ఉదయం దాన్ని పరీక్షించాలి. కన్నీళ్లు రాని రోజున కూడా యాజకుడు కట్టెలు వేశాడు.

ఇంటిని పణంగా పెట్టడం. సంఘంలో అందరికీ అందుబాటులో ఉండి ఇంట్లో భార్యకు, భర్తకు, పిల్లలకు దొరకనివాళ్లు ఉన్నారు. 1 తిమోతి 5:8 మాటలు చాలా కఠినంగా ఉన్నాయి, తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అని. సేవ పేరుతో పట్టించుకోకుండా వదిలేసిన పిల్లల మనసులో పెరిగిన చేదు తియ్యడం తర్వాత ఎవరి వల్లా కాదు. ఈ తప్పు చూస్తే నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలుగుతుంది.

మార్త లాగా పక్కవాళ్లను లెక్కపెట్టడం. యేసును ఇంటికి పిలిచిన ఆమె తప్పు వంట చెయ్యడం కాదు. "నా సహోదరి నన్ను విడిచిపెట్టింది, నీకు చింత లేదా" అని ప్రభువునే నిలదీసేదాకా వెళ్లింది. "నేనొక్కదాన్నే చేస్తున్నాను" అన్న మాట మీ నోట వస్తుంటే ఆగి 3వ మెట్టుకు తిరిగి వెళ్లండి.

ఇతరుల సేవతో పోల్చుకోవడం. తలాంతుల (యజమానుడు దాసులకు అప్పగించిన డబ్బు) ఉపమానంలో అయిదు తలాంతుల వాడికీ, రెండు తలాంతుల వాడికీ యజమానుడు చెప్పిన మెప్పు మాట ఒకటే. ఒక తలాంతు వాడిని గద్దించింది తక్కువ ఉన్నందుకు కాదు, పాతిపెట్టినందుకు.

చేసిన ప్రతిదాన్నీ ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వద్దని ప్రభువు చెప్పింది ముఖ్యంగా ధర్మం చేసేటప్పుడు. సాయం తీసుకునేవాళ్ల ముఖాలు చూపించడం మాత్రం పూర్తిగా మానేయండి.

పని జరుగుతోందో లేదో ఎలా చూసుకోవాలి

నాలుగు వారాలకు ఒకసారి చిన్న లెక్క, మూడు నెలలకు పెద్ద లెక్క చూసుకోండి. హాజరు సంఖ్య, మెచ్చుకున్న మాటలు ఇందులో లెక్కపెట్టకండి.

నాలుగు వారాలకు: 28 రోజుల్లో ఎన్ని రోజులు సన్నిధిలో కూర్చున్నారు? 20 దాటితే సరైన దారిలో ఉన్నారు. పదికి తక్కువైతే సమయం మార్చండి, లేదా 15 నిమిషాలను ఏడు చెయ్యండి. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. రాసుకున్న పని నాలుగు వారాల్లో మూడు వారాలైనా జరిగిందా? జరగకపోతే పని మీ కాలానికి మించి ఉంది, తగ్గించండి.

మూడు నెలలకు, మీ తోడుతో కలిసి కూర్చుని:

- ఎవరూ థాంక్స్ చెప్పకపోయినా ఈ పని చేసేవాణ్ణేనా?
- నాకన్నా బాగా ఇంకొకరు చేస్తే సంతోషం కలిగిందా, గుచ్చుకుందా? (ఫిలిప్పీయులకు 1:15-18లో పౌలు జవాబు చదవండి.)
- సేవ చేసేవాళ్ల పేర్లు చూడకుండా చెప్పగలనా? ఏకాంత ప్రార్థనలో ఆ పేర్లు వస్తున్నాయా?
- పాపం ఏదైనా మళ్లీ దాస్తున్నానా?
- ఇంట్లోవాళ్లను అడగండి: "నేను ఈ పని మొదలుపెట్టాక మీతో ఎలా ఉంటున్నాను?" ఈ ఒక్క ప్రశ్నకు మీరు జవాబు రాయకండి, వాళ్లనే చెప్పనివ్వండి, చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడకండి.

చివరి ప్రశ్నకు వచ్చిన జవాబు బాగా లేకపోతే, మిగతావన్నీ బాగున్నా సరే, వచ్చే నెలకు పని సగానికి తగ్గించి, 1వ మెట్టు నుంచి మళ్లీ చూడండి. జవాబు బాగుంటే నోటు పుస్తకంలో తేదీ వేసి, ఇంకో మూడు నెలలకు అదే పని రాసుకోండి. కొత్తది చేర్చాలనిపిస్తే ముందు తోడుని అడిగి చేర్చండి.